ఊపిరి బిగపట్టిన మామ్మ

ఆరున్నరకి అలారం మోగాలి. మోగకముందే పెద్ద సిస్టరు లేచి దాని నోరు నొక్కేసేది. గదిలో రెండు ఇనప మంచాలు, ఒక బల్ల, ఒకే ఒక్క స్టవ్వు. ఒకరు మోకాళ్ల మీద ఉంటే ఇంకొకరు టీ పెట్టాలి. ఇద్దరూ ఒకేసారి తిరిగితే మోచేతులు గుద్దుకునేవి. ఏడింటికి ప్రార్థన, ఏడున్నరకి వాక్యం, ఎనిమిదింటికి ఆ దేశపు భాష. తొమ్మిదిన్నరకల్లా కోట్లు తొడుక్కుని, మఫ్లర్లు చుట్టుకుని, సంచుల్లో కరపత్రాలు సర్దుకుని వీధిలో ఉండాలి.

చిన్న సిస్టరుకి ఇరవై రెండేళ్లు. పద్దెనిమిది నెలల సేవకని వచ్చి అప్పటికి నాలుగు నెలలు. ఆ నాలుగు నెలల్లో ఆమె తట్టని తలుపు లేదు, తెరిచి కూర్చోమన్న తలుపూ లేదు. జనం చెడ్డవాళ్లేం కాదు. నవ్వుతూనే ముఖం మీద తలుపేసేవారు. మొదటి నెలలో భాషకి నోరు తిరగక, "మీకు శుభవార్త తెచ్చాం" అనబోయి ఒక్క అక్షరం పొల్లు పలికితే అది కాస్తా "మీకు తడి సబ్బు తెచ్చాం" అయి కూర్చుంది. ఒక ముసలాయన పాపం చాలాసేపు ఆలోచించి, "వాసనదా, వాసన లేనిదా?" అనడిగాడు. నాలుగు నెలల్లో వాళ్లతో అంతసేపు మాట్లాడింది ఆయనొక్కడే.

వాళ్లని పంపిన మిషను పెద్ద వేరే నగరంలో ఉండేవాడు. అందరూ అయ్యగారనేవాళ్లు. వచ్చిన మొదటిరోజే ఆయన నియమాల కాగితం చదివి వినిపించాడు. ఎప్పుడూ జంటగా తిరగాలి. ముక్కూ ముఖం తెలియనివాళ్ల బళ్లు ఎక్కకూడదు. ఇంటికి వారానికొక్కసారే, ఆదివారం పొద్దున ఫోను. "ఇంకోటి. ఆ ఊళ్లో కొందరు పోయాక కూడా ఇంట్లోనే ఉంటారు. వాళ్ల తలుపులు తట్టకండి. మన సువార్త బతికున్నవాళ్లకి" అని చదివి కాగితం మడిచి కవర్లో పెట్టుకున్నాడు. మంచినీళ్లు కాచుకుని తాగండి అన్నంత మామూలుగా చెప్పాడు.

వాళ్లున్నది నాలుగంతస్తుల పాత భవనం. కింద లాండ్రీ. రెండో అంతస్తులో వీళ్ల గది. మూడో అంతస్తులో ఒక బస్సు డ్రైవరు ఒక్కడే ఉండేవాడు. నాలుగో అంతస్తులో కుట్టు మామ్మ.

మామ్మ పోయి మూడేళ్లయింది. పొద్దున ఎనిమిదికి మొదలుపెడితే సాయంత్రం అయిదుదాకా ఆవిడ కుట్టు మిషను టకటకమంటూనే ఉండేది. చిరిగిన బట్టలుంటే జనం చీటీ రాసి ఆవిడ గుమ్మం ముందున్న బుట్టలో వేసిపోయేవారు. రెండ్రోజుల్లో అతుకు ఎక్కడుందో కనిపెట్టలేనంత శుభ్రంగా కుట్టి అదే బుట్టలో పెట్టేది. ఆ బట్టలు మాత్రం నూతిలోంచి తోడినంత చల్లగా ఉండేవి. లాండ్రీ ఆయన వాటిని రెండేసి సార్లు ఇస్త్రీ చేసిగాని ఇచ్చేవాడు కాదు.

"ఎలా గుర్తుపడతారండీ వాళ్లని?" అని చిన్న సిస్టరు ఆయన్ని ఒకసారి అడిగింది. చలికాలం మొదలైన రోజులవి. మాట్లాడుతుంటే అందరి నోళ్లలోంచీ తెల్లగా ఆవిరి.

"ఇదుగో, ఇదే" అన్నాడాయన తన నోటి ముందు చెయ్యి ఆడించి. "వాళ్లకి ఆవిరి రాదు. అంతే తేడా. మరీ రాసుకుపూసుకు తిరక్కమ్మాయ్. మనదీ తగ్గిపోతుంది. బతికుండి ఆవిరి తగ్గినవాళ్లు ఇంకొకళ్ల కంటికి ఆనరు. మూడో అంతస్తాయన్ని చూళ్లేదూ?"

చూసింది. ఆయన బస్సు ఎన్నోసార్లు ఎక్కింది కూడా. జనం టిక్కెట్టు కార్డు గీసుకుని, దానంతటది నడుస్తున్న బస్సెక్కినట్టు ఆయన వైపు కూడా చూడకుండా లోపలికి పోయేవాళ్లు.

తలుపు తట్టకూడదని చిన్న సిస్టరుకి తెలుసు. కావాలని తట్టలేదు. ఒకరోజు పెద్ద సిస్టరు లైబ్రరీలో భాష క్లాసుకి వెళ్లింది. మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నాలు పెద్ద సిస్టరుకి మాత్రమే ఆ క్లాసుండేది, దానికి ఒంటరిగా వెళ్లడానికి అయ్యగారు ఒప్పుకున్నాడు. ఆ పూటలు చిన్న సిస్టరు గదిలో ఉండి ఉత్తరాలు రాసుకోవాలి. కోటు గుండీ ఊడిపోయిందని చీటీతో సహా బుట్టలో వేద్దామని పైకెళ్లింది. మెట్లెక్కడం బయటికెళ్లడం కాదుగా అనుకుంది. ఆమె వంగి కోటు బుట్టలో పెడుతుంటే తలుపు తెరుచుకుంది.

"గుండీయేగా. చీటీ ఎందుకు, లోపలికి రా. కూర్చో, అయిదు నిమిషాలు" అంది మామ్మ.

నాలుగు నెలల్లో మొదటిసారి ఒక మనిషి ఆమెని లోపలికి రమ్మంది. కాళ్లు వాటంతటవే వెళ్లాయి.

గది ముచ్చటగా ఉంది. కిటికీ దగ్గర తొక్కుడు మిషను, దాని ఎదురుగా ఒక ఖాళీ కుర్చీ, గోడకి కత్తెర్లు, దారం కండెలు రంగుల వరసలో. మామ్మ పొట్టిగా, బొద్దుగా ఉంది, జుట్టు బిగించి ముడేసుకుంది. కళ్లద్దాల్లేకుండానే సూదిలో దారం ఒక్క పోటుకి ఎక్కించింది. "బతికున్నప్పుడు పది సార్లు గుచ్చేదాన్ని" అని నవ్వింది. నవ్వింది గాని నోట్లోంచి ఆవిరి రాలేదు. టీ ఇచ్చింది. పొయ్యి మీద కుతకుతలాడిన టీ కప్పులో పొయ్యగానే చల్లారిపోయింది.

"మీరు ఇల్లిల్లూ తిరిగి ఏదో చెప్తారటగా. నాకు చెప్పవూ?"

చెప్పకూడదు. కానీ అడిగిన మనిషి ఆవిడొక్కతే. చిన్న సిస్టరు గొంతు సవరించుకుని, కంఠతా పట్టిన పాఠం మొదలుపెట్టింది. పరలోకం దగ్గరికొచ్చేసరికి, "అక్కడ కన్నీళ్లుండవు, నొప్పులుండవు, ఆకలుండదు మామ్మా" అంది.

మామ్మ దారం కొరికి, గుండీ లాగి చూసింది. "నాకిక్కడ అవేం లేవు కదే. అయితే నేను వచ్చేసినట్టేనా?"

 అయ్యగారిచ్చిన ప్రశ్నోత్తరాల పుస్తకంలో అన్ని ప్రశ్నలకీ జవాబులున్నాయి, ఈ ఒక్కదానికే లేదు.

ఆ తరవాత మంగళవారమూ వెళ్లింది, శుక్రవారమూ వెళ్లింది. సువార్త కోసమే వెళ్తున్నానని తనకి తాను చెప్పుకునేది. నిజమేమిటంటే మామ్మ దగ్గర కూర్చుంటే మనసు నిమ్మళంగా ఉండేది. బయట ప్రార్థనకి కళ్లు మూసుకుంటే మాటలు సీలింగుకి తగిలి నెత్తిన పడుతున్నట్టుండేది. ఏడాదిన్నర నుంచీ అంతే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అటువంటిది, నాలుగోసారి వెళ్లినప్పుడు, ఒక గౌను అంచు మడిచి పట్టుకుని ఉండగా తనంతట తనే చెప్పేసింది.

ఆమె తండ్రి లారీ మెకానిక్కు. కాలేయం పాడై ఆస్పత్రిలో పడ్డాడు. సంఘంలో యవ్వనస్తుల ప్రార్థనలకి ఆమే పెద్ద. వార్డులో నలభైమంది రోగుల మధ్య తండ్రి మంచం దగ్గర నిలబడి, "మా నాన్న లేస్తాడు! నేను నమ్ముతున్నాను!" అని గొంతు చించుకుని ప్రార్థించింది. మధ్యాహ్నం మూడింటికి ఆయన పోయాడు. సమాధి దగ్గర అందరూ ఆమె భుజం తట్టి "ఎంత విశ్వాసమమ్మా నీది!" అన్నారు. ఆ నెలలోనే ఆమె మిషను సేవకి పేరిచ్చింది.

"విశ్వాసం ఉండి వచ్చావా, లేక వెతుక్కుంటూ వచ్చావా?" అంది మామ్మ.

"తెలీదు మామ్మా."

"పోన్లే. నాకు చెప్పావ్, నేనెవరికి చెప్తాను?"

అప్పట్నించీ ఆకలి తగ్గింది. ఇంటి మీద బెంగ తగ్గింది. చలి కూడా తగ్గింది. మఫ్లరు మర్చిపోయి వీధిలోకి వెళ్లినా ఏమీ అనిపించేది కాదు. హాయిగానే ఉంది. అదే ఆమెని మోసం చేసింది.

మొదట లాండ్రీ ఆయన గమనించాడు. "నీ ఆవిరి పల్చబడిందమ్మాయ్. కాస్త నా ఇస్త్రీపెట్టె దగ్గర నిలబడు" అన్నాడు. ఆమె నవ్వి ఊరుకుంది. తరవాత వీధిలో జనం గుద్దుకోవడం మొదలైంది. తలుపు తడితే తెరిచి పెద్ద సిస్టరుతోనే మాట్లాడి, "ఒక్కరే వచ్చారేంటి?" అనేవాళ్లు. ఒకరోజు భోజనానికి పెద్ద సిస్టరు ఒకటే ప్లేటు పెట్టుకుని, ఒకరికే ప్రార్థన చేసుకుని తినేసింది. సగం తిన్నాక తలెత్తి చూసి చెంచా వదిలేసింది.

"నువ్వు... ఎప్పుడొచ్చావ్?"

"ఇక్కడే ఉన్నా అక్కా. పొద్దున్నించీ."

పెద్ద సిస్టరు లేచొచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది, వేళ్లు లెక్కపెడుతున్నట్టు ఒక్కొక్కటే నొక్కింది. 

ఆదివారం పొద్దున తల్లి ఫోను చేసింది. ఆమె ఆయా పని చేసే ఆస్పత్రిలో డ్యూటీ దిగి నేరుగా చేసేది.

"హలో. ఏమ్మా, బాగున్నావా?"

"బాగున్నానమ్మా."

"హలో?"

"వినిపిస్తోందమ్మా, చెప్పు."

"హలో... హలో... ఏంటో, గాలి కూడా వినపడట్లేదు." ఎవరితోనో అంటోంది పక్కకి తిరిగి. "మోగింది, ఎత్తింది. ఎత్తినట్టే ఉంది మరి."

"అమ్మా! నేనేనమ్మా!"

"హలో... తల్లీ... ఉన్నావా?"

అరిచింది. గొంతు పోయేలా అరిచింది. వార్డులో అరిచిన రోజు తరవాత ఆమె అంత గట్టిగా అరవడం అదే మొదలు. లైను బాగానే ఉంది. తల్లి ముక్కు ఎగబీల్చడం, వెనక ట్రాలీ చక్రాల చప్పుడు కూడా స్పష్టంగా వినిపించాయి. పదిసార్లు హలో అని, తల్లి పెట్టేసింది.

చిన్న సిస్టరు కిటికీ దగ్గరికి పరిగెత్తి అద్దం మీద ఊదింది. అద్దం అద్దంలాగే ఉంది.

వెనక నిలబడి చూస్తున్న పెద్ద సిస్టరు ఏడుస్తూ చెప్పేసింది. "నేను అయ్యగారికి చెప్పానే. నన్ను తిట్టుకున్నా సరే. నిన్ను వేరే ఊరు మార్చారు. శుక్రవారం పొద్దున ట్రైను. ఇక్కణ్నించి దూరంగా పోతే సర్దుకుంటుందేమో అన్నారు."

"ఏమో అన్నారా?"

"ఏమో అనే అన్నారు."

మంగళవారం మధ్యాహ్నం ఆమె మళ్లీ పైకెళ్లింది. ఈసారి కూర్చోలేదు.

"మామ్మా, నువ్వెందుకు వెళ్లిపోలేదు?"

మిషను ఆగింది. మామ్మ చక్రం మీద చెయ్యి పెట్టింది. "వాడు వద్దన్నాడే."

"ఎవరు?"

"నా కొడుకు. కింద ఉంటాడుగా, బస్సు నడుపుతాడు. నాకు ఊపిరి ఆఖరైపోతున్నప్పుడు నా చెయ్యి పట్టుకుని 'నన్నొదిలి వెళ్లకమ్మా, నేనేమైపోవాలి' అని ఒకటే ఏడుపు. ముప్పై ఎనిమిదేళ్లవాడు, చంటిపిల్లాడిలా. కన్నదాన్ని కదా, మాట తీసెయ్యలేకపోయా. లోపలికి పీల్చిన ఊపిరి బయటికి వదలకుండా అలాగే ఉండిపోయా."

"మరి ఆయన పైకి రాడేం?"

"వచ్చాడు, మొదటి వారం. నాకు తెలియకుండా నా నోటి ముందు అద్దం పెట్టి చూశాడు. ఆ తరవాత రాలేదు. భయం కాదులే. సిగ్గు. మనిషిని పిలిచి నిలబెట్టి, తీరా ఏం చెయ్యాలో తెలియనట్టు." మామ్మ గొంతులో కోపం లేదు. "నేను తొక్కే చప్పుడు కింద వింటాడు. అది ఆపితే కంగారు పడతాడని తొక్కుతూనే ఉంటా. కుట్టడానికి ఏమీ లేనప్పుడు కూడా."

అంటే ఇన్నాళ్లూ పొద్దున్నించి సాయంత్రందాకా వినిపించిన టకటక, సగం రోజులు ఉత్త సూది ఉత్త గాలిని కుట్టిన చప్పుడన్నమాట. 

మామ్మ ఎదుటి కుర్చీ మీద దుమ్ము చేత్తో దులిపింది. "ఒంటరిగా ఉంటోందే. నువ్వుండిపోరాదూ? నీ గొంతు ఇంక కిందవాళ్లకి వినపడదు. నాకైతే వినపడుతుంది. ఏడవక్కర్లేదు, తినక్కర్లేదు, నమ్మక్కర్లేదు కూడా."

ఆ చివరి మాట ఆమెకి ఎంత తియ్యగా తగిలిందంటే, చెయ్యి వెళ్లి కుర్చీ వీపు మీద ఆనింది. కూర్చుంటే అయిపోతుంది. అయ్యగారూ లేరు, ట్రైనూ లేదు, సీలింగూ లేదు. మోకాళ్లు వంగాయి కూడా.

ఆదివారంనాటి "ఉన్నావా?" చెవిలో పడింది. అక్కడ తల్లి ఇంకా ఫోను చెవికి ఆనించుకునే ఉన్నట్టు అనిపించింది.

"లేదు మామ్మా" అని వెనక్కి తిరక్కుండా మెట్లు దిగింది.

మూడో అంతస్తు తలుపు తట్టింది. డ్రైవరు మధ్యాహ్నం షిఫ్టుకి బయల్దేరుతున్నాడు. యూనిఫాం చొక్కా కాలరు ఒకవైపు ఊడి వేలాడుతోంది. ఆమెని సూటిగా చూశాడు. వారం రోజుల్లో ఎవరూ అలా చూడలేదు.

"నువ్వు నాకింత బాగా కనిపిస్తున్నావంటే నీ పనీ అయిపోయిందన్నమాట" అన్నాడు. ఇద్దరి మధ్యా గుమ్మంలో చలిగాలి తిరుగుతోంది గాని ఎవరి నోటా ఆవిరి లేదు. "దేవుడి గురించైతే వద్దమ్మా. మొదటి వారమే చెప్పాగా."

"దేవుడి గురించి కాదండి. మా నాన్న గురించి."

ఆయన తలుపు వెయ్యలేదు. ఆమె గుమ్మంలోనే నిలబడి చెప్పింది. మామ్మకి చెప్పిందే చెప్పింది. కానీ మామ్మకి చెప్పనిది ఒకటుంది, అది కూడా బయటపడింది.

"నేను 'లేస్తాడు, లేస్తాడు' అని అరుస్తుంటే మా నాన్న కళ్లు తెరిచి నా వైపు చూశాడండి. ఆ చూపు నాకు తెలుసు. లారీ కింద రోజంతా పడుకుని పనిచేసి ఇంటికొచ్చినప్పుడు అలాగే చూసేవాడు. అలిసిపోయాను తల్లీ అని. నేను చూశాను. చూసి, చూడనట్టు కళ్లు గట్టిగా మూసుకుని ఇంకా గట్టిగా అరిచాను. వెళ్లొస్తానని చెప్పడానిక్కూడా ఆయనకి సందివ్వలేదు."

డ్రైవరు గోడకి ఆనుకున్నాడు. "మరి ఆయన వెళ్లిపోయాడుగా. నువ్వు అదృష్టవంతురాలివి."

"మా దేశంలో పోయినవాళ్లు నిలబడరండి. అంతే. ఇదే ఊరైతే నిలబడేవాడు. అంత అలిసిపోయి కూడా, నేను అరిచానని నిలబడేవాడు. నేనేమో ప్రార్థన ఫలించిందని సాక్ష్యం చెప్పుకుంటూ తిరిగేదాన్ని."

పైన మిషను టకటకమంటోంది. ఇద్దరూ విన్నారు.

"కుట్టడానికి బట్ట లేకపోయినా తొక్కుతోందండి. ఆగితే మీరు కంగారు పడతారని."

ఆయన ముఖంలో ఏదో తెగింది.  వాచీ చూసుకున్నాడు. షిఫ్టు టైము దాటిపోతోంది. "ఏమని చెప్పను?" అన్నాడు చివరికి. "పొమ్మని ఎలా అంటాను, కన్నతల్లిని?"

"నాకూ తెలీదు. పైకైతే వెళ్దాం."

మూడేళ్ల తరవాత కొడుకు గుమ్మంలో కనిపిస్తే మామ్మ లేవలేదు, ఏడవలేదు. పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, "కాలరేంటి అలా ఉంది? ఆ చొక్కాతోనే బస్సెక్కుతున్నావా? ఇటివ్వు" అంది.

ఆయన చొక్కా విప్పి ఇచ్చి బనీనుతో మంచం మీద కూర్చున్నాడు. మామ్మ దారాల్లోంచి సరిగ్గా అదే నీలం ఏరి తీసింది.

"తింటున్నావా సరిగ్గా?"

"తింటున్నా."

"అబద్ధం. భుజాలు చూడు, హ్యాంగరు మీద వేలాడేసినట్టున్నాయ్. ఏడో నంబరు రూటేనా ఇంకా?"

"మార్చారమ్మా. పదకొండు. నది వంతెన మీంచి వెళ్తుంది."

"బాగుంటుందా?"

"పొద్దున పూట బాగుంటుంది. నీళ్ల మీద మంచు లేస్తూ ఉంటుంది." ఆయన తల్లి వేళ్లకేసి చూశాడు. "నీకు చూపిద్దామనుకునేవాణ్ని."

"చెప్పావుగా. చూసినట్టే."

కాలరు కుట్టడం అయిపోయింది. అయిపోయినా మామ్మ చొక్కా వదల్లేదు, ఇంకో వరస కుట్టింది, దాని మీద ఇంకో వరస. చిన్న సిస్టరు తలుపు పక్కన నిలబడి ఊరికే చూస్తోంది. ఆమెకి తెలిసిన వాక్యాలన్నీ నాలిక చివరికొచ్చి, వద్దులే అని వెనక్కి వెళ్లిపోయాయి.

డ్రైవరు లేచి తల్లి చేతిలోంచి చొక్కా మెల్లిగా తీసుకున్నాడు. దారం తెంపాడు. మిషను చక్రం మీద తన చెయ్యి వేసి ఆపాడు.

"చాలామ్మా" అన్నాడు. "పొద్దున్నించీ కుడుతూనే ఉన్నావు. ఇంక పడుకో."

మామ్మ ఆయన ముఖంలోకి చూసింది. "పడుకోనా? నీకు ఫర్వాలేదా?"

"ఫర్వాలేదమ్మా. షిఫ్టుకి వెళ్తా. తలుపు నేనేసుకుంటా."

మామ్మ మిషను మీద గుడ్డ కప్పింది. చెప్పులు విప్పి జతగా పెట్టి మంచం మీద వాలింది. దుప్పటి గడ్డందాకా లాక్కుని, "ఆ కిటికీ కొంచెం తీసిపెట్టు, ఉక్కగా ఉంది" అంది. బయట మంచు కురుస్తోంది. చిన్న సిస్టరు వెళ్లి కిటికీ తీసింది.

అప్పుడు మామ్మ ఊపిరి వదిలింది.

మూడేళ్లు బిగపట్టిన ఊపిరి అది. ముందు సన్నగా, తరవాత తెల్లగా, చిక్కగా, లాండ్రీ తలుపు తీస్తే వచ్చినంత ఆవిరి. దారం కండెలు కనిపించలేదు, గోడ కనిపించలేదు, పక్కనున్న మనిషి కనిపించలేదు. దానికి ఇస్త్రీ బట్టల వాసన ఉంది, వెచ్చగా ఉంది. ఎంతసేపు వచ్చిందో ఎవరూ చెప్పలేరు. నెమ్మదిగా కిటికీ వైపు తిరిగి, మంచులోకి వెళ్లిపోయింది.

గది తేటపడేసరికి మంచం మీద దుప్పటి చదునుగా ఉంది. డ్రైవరు దగ్గుతున్నాడు. దగ్గిన ప్రతిసారీ నోట్లోంచి తెల్లటి ఆవిరి తునకలు. చిన్న సిస్టరుకి ఒక్కసారిగా చలి వేసింది. పళ్లు టకటకలాడాయి. ఆమె అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని ఊదుకుంది. వెచ్చగా తగిలింది.

శుక్రవారం పొద్దున పెద్ద సిస్టరు సూట్‌కేసు తలుపు దగ్గర పెట్టింది. ఆవిరి తిరిగొచ్చినా అయ్యగారి మాట అయ్యగారి మాటే. తలుపు తీస్తే మెట్ల మీద లాండ్రీ ఆయన నిలబడి ఉన్నాడు. షాపు మూసి వచ్చాడు. టోపీ తీసి చేతుల్లో నలుపుకుంటున్నాడు. 

"మా ఆవిడమ్మా" అన్నాడు. "లోపలి గదిలో బట్టలు మడతపెడుతూ ఉంటుంది. పోయి ఎనిమిదేళ్లు. 'నువ్వు లేకపోతే ఈ షాపు నడవదే' అన్నానప్పుడు. ఏదో, ఆ టైముకి నోటికొచ్చింది. నమ్మింది."

ఆయన వెనక మెట్ల మీద ఇంకో ఆవిడ ఉంది, బేకరీలో పనిచేసే ఆవిడ. ఆవిడ వెనక ఒక బడి మాస్టారు. మామ్మ వెళ్లిన సంగతి డ్రైవరు నోట ఊళ్లో పాకినట్టుంది, మలుపు తిరిగి కిందిదాకా ఉన్నారు జనం. ఎవరూ తోసుకోవడం లేదు, ఎవరూ మాట్లాడుకోవడం లేదు. ఇన్ని నెలలుగా నవ్వుతూ తలుపులేసినవాళ్లు. అందరూ ఆమె వైపే చూస్తున్నారు.

పెద్ద సిస్టరు గడియారం చూసింది, జనాన్ని చూసింది. నియమాల కాగితంలో దీనికి సరిపోయే వరస ఉందేమోనని మనసులోనే వెతుక్కున్నట్టుంది. లేదు కాబోలు, సూట్‌కేసు ఎత్తి లోపల పెట్టేసింది. "అయ్యగారితో నేను మాట్లాడతా. ట్రైను తప్పిపోయిందంటా. తప్పిపోయిందిగా, అబద్ధం కాదుగా" అంది.

ఆ రోజుకి ఒకరింటికి, శనివారం ఇద్దరిళ్లకి వెళ్లారు. లాండ్రీ ఆయన మాత్రం "ఆదివారం రండి, ఆ రోజు గిరాకీ ఉండదు" అన్నాడు. తనకింకో రెండ్రోజులు గడువిచ్చుకున్నాడు.

ఆదివారం పొద్దున ఈసారి ఆమే ఫోను చేసింది.

"హలో!" అంది తల్లి. "వినిపిస్తోంది! క్రితం వారం ఏమైంది తల్లీ? నా ప్రాణం పోయిందనుకో."

చిన్న సిస్టరు బాగున్నాను అనలేదు. తండ్రి చూసిన చూపు గురించి చెప్పింది. ఆపకుండా చెప్పింది. అవతల తల్లి వెనక ట్రాలీ ఒకటి వెళ్లిపోయింది.

"నాకు తెలుసే" అంది తల్లి. "ఆ రోజు తెల్లారగట్ల, నువ్వింకా రాకముందు, నేనే చెప్పాను మీ నాన్నకి. ఇంక మీరు వెళ్లండి, పిల్లని నేను చూసుకుంటానని. సరేనన్నాడు. నువ్వొచ్చేదాకా ఉంటానన్నాడు. నిన్నొకసారి చూసి వెళ్తానని. తరవాత నువ్వొచ్చి అంత నమ్మకంగా ప్రార్థన మొదలుపెట్టావు. నాకు నోరు రాలేదు. చెప్తే నీ విశ్వాసం ఏమైపోతుందోనని ఇన్నాళ్లూ దాచుకున్నాను."

ఆమె ఫోను పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఏడాదిన్నర తరవాత ఏడ్చింది. పెద్ద సిస్టరు పక్కనొచ్చి కూర్చుంది, చెయ్యి వెయ్యాలో వద్దో తెలియక దుప్పటి తెచ్చి కప్పింది. ఏడుపు తగ్గాక అలా గోడకి ఆనుకునే కళ్లు మూసుకుంది. దేవుణ్ని ఏం అడగలేదు. నాన్నకి నన్ను చూపించావు, చాలు, అంది మనసులో. మాటలు ఎక్కడికి వెళ్లాయో చూసుకోలేదు.

"ఎప్పుడొస్తావమ్మా మరి?" అంది తల్లి.

"పద్దెనిమిది నెలలయ్యాక కూడా రానేమోనమ్మా. ఇక్కడ చాలా ఇళ్లున్నాయి. ఇవాళ లాండ్రీ ఆయనింటికి వెళ్లాలి."

"వెళ్లి ఏం చెప్తావ్?"

"నేనేం చెప్పనమ్మా. తలుపు దగ్గర నిలబడతా. ఆయనే చెప్పుకుంటాడు."

తల్లి ముక్కు తుడుచుకుంది.

"సరే" అంది. "ఖాళీ కడుపుతో మాత్రం వెళ్లకు. తిని వెళ్లు."

ఆమె తినే వెళ్లింది.